వేగం కోసం చెక్ తీసేసే ముందు

నేను రాసిన ప్యాచ్ ఒకటి ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. తీసేసింది రెండే లైన్లు. నెట్‌వర్క్ నుంచి వచ్చే మెసేజ్‌లను విడదీసే సీ కోడ్ అది. ప్రతి ఫీల్డ్ చదివే ముందు, బఫర్‌లో (డేటా ఉంచే మెమరీ ముక్క) ఇంకా కావలసినన్ని బైట్లు ఉన్నాయా లేదా అని చూసుకునే చెక్ ఒకటి ఉండేది. పిలిచే ఫంక్షన్ ముందే చూసుకుంటోంది కదా, ఇక్కడ మళ్లీ ఎందుకు అనుకుని తీసేశాను. బెంచ్‌మార్క్ 3 శాతం వేగం పెరిగిందని చెప్పింది. రివ్యూలో కూడా ఎవరూ అడ్డు చెప్పలేదు.

పదకొండు రోజుల తర్వాత ఫజర్ (చిత్రవిచిత్రమైన ఇన్‌పుట్‌లు ఇచ్చి తప్పులు వెతికే టూల్) ఒక ఫైల్ పట్టుకొచ్చింది. అందులో ఉన్నవి 14 బైట్లు. ఆ 14 బైట్లు ఇస్తే మా సర్వర్ బఫర్ హద్దు దాటి పక్కనున్న మెమరీని చదివి, దాన్నే జవాబులో పెట్టి పంపేస్తోంది. పిలిచే ఫంక్షన్లు మూడు ఉన్నాయి. నేను చూసింది రెండే. రిలీజ్‌కి ముందే దొరికింది కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపం కూడా ఈ కోవకు చెందినదే. అవతలివాళ్లు చెప్పిన పొడవును ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ సరిచూడకుండా నమ్మింది, ఒక్కో రిక్వెస్ట్‌కి 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమరీ బయటికి పోయింది.

చెక్ తిరిగి పెట్టాక, ఆ 3 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలని కూర్చున్నాను. తేలింది ఏమిటంటే, చెక్ పోవడంతో ఫంక్షన్ కాస్త చిన్నదై, దాని కిందున్న లూప్ మెమరీలో వేరే చోటికి జరిగింది. చెక్‌ను అలాగే ఉంచి, ఆ లూప్ 64 బైట్ల హద్దు మీద మొదలయ్యేలా అమరిస్తే అదే 3 శాతం వచ్చింది. అంటే చెక్ ఖరీదు దాదాపు సున్నా. దేని వల్ల వేగం వచ్చిందో తెలియకుండానే రక్షణను తీసేశాను.

అప్పటి నుంచి ఈ పని చేసే తీరు మార్చుకున్నాను. ఇలాంటి కోడ్‌లోకి కొత్తగా దిగేవాళ్లు నా దగ్గరికి వస్తే ఇదే చెబుతాను.

కొలిచే చోటును ముందు నమ్మదగినదిగా చేసుకోండి

కోడ్ జోలికి వెళ్లకముందు ఒక పరీక్ష చేయండి. ఏ మార్పూ లేకుండా, ఒకే బైనరీని "పాతది", "కొత్తది" అని రెండు పేర్లతో కొలవండి. ఒక్కోటి కనీసం 30 సార్లు నడపండి, అదీ పాతవన్నీ ఒకసారి, కొత్తవన్నీ ఒకసారి కాకుండా ఒకటి విడిచి ఒకటి. ఆ రెండింటి మధ్యే 2 శాతం తేడా కనిపిస్తుంటే, ఆ మెషీన్ మీద 3 శాతం గెలుపు గురించి మాట్లాడి లాభం లేదు. ముందు ఆ తేడాను తగ్గించాలి.

తగ్గించడానికి నేను చేసేవి ఇవి. సీపీయూ వేగం మధ్యలో మారకుండా ఫ్రీక్వెన్సీ గవర్నర్‌ను "పెర్ఫార్మెన్స్"లో పెడతాను, టర్బో ఆపేస్తాను. టాస్క్‌సెట్‌తో ప్రోగ్రామ్‌ను ఒకే కోర్‌కి కట్టేస్తాను. మొదటి కొన్ని రన్స్ పక్కన పడేస్తాను, ఎందుకంటే అప్పటికి క్యాష్ (ప్రాసెసర్‌లోని చిన్న, వేగమైన మెమరీ) ఇంకా చల్లగానే, అంటే మన డేటా చేరకుండానే ఉంటుంది. సగటు కంటే మీడియన్‌ను (వరసలో మధ్య విలువ) చూస్తాను. సర్వర్ కోడ్ అయితే 99వ పర్సంటైల్ (నూటికి 99 రిక్వెస్టులు ముగిసే సమయం) కూడా చూస్తాను, యూజర్లకు కోపం తెప్పించేది అదే కాబట్టి. బిల్డ్ ఫ్లాగులు ప్రొడక్షన్‌లో వాడేవే ఉండాలి. డీబగ్ బిల్డ్ మీద కొలిచిన అంకెకు విలువ లేదు.

ఇన్‌పుట్ విషయంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒకే మెసేజ్‌ను లక్షసార్లు ఇస్తే బ్రాంచ్ ప్రెడిక్టర్ (కోడ్ ఏ దారిన వెళ్తుందో ముందే ఊహించే ప్రాసెసర్ భాగం) దాన్ని బట్టీ పట్టేస్తుంది. అసలు ట్రాఫిక్‌లో అలా ఉండదు. నేను రకరకాల సైజుల మెసేజ్‌లు కొన్ని వేలు తయారుచేసి, కలగాపులగం చేసి ఇస్తాను. ఫలితాన్ని ఎక్కడా వాడకపోతే కంపైలర్ ఆ లెక్క మొత్తాన్ని ఎత్తేస్తుందని కూడా గుర్తుంచుకోండి. నమ్మలేనంత వేగం వస్తే నేను మొదట అనుమానించేది దాన్నే.

అర్థంకాని అంకె కనిపిస్తే వదిలిపెట్టకండి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ డెబియన్ లైనక్స్ అన్‌స్టేబుల్ (సిడ్) వెర్షన్ మీద బెంచ్‌మార్క్‌లు చేస్తూ, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే) లాగిన్ ఎందుకో అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. ఆ అర సెకను వెనకాలే పడి తవ్వుకుంటూ వెళ్తే, ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దూర్చిన బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది. అది ప్రపంచమంతటా సర్వర్లలోకి చేరబోతుండగా ఆగింది. ఆయన భద్రత కోసం వెతకలేదు, తన కొలతలో తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనుకున్నాడు. వేగాన్ని కొలవడం, రక్షణను కాపాడటం రెండు వేర్వేరు ఉద్యోగాలు కావని ఎవరికైనా చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

సమయం ఎక్కడ పోతోందో చూడటం

లైనక్స్ మీద మొదట "పెర్ఫ్ స్టాట్" నడపండి. ఒక సైకిల్‌కి ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడిచాయో అది చెబుతుంది. ఇప్పటి ప్రాసెసర్లు సైకిల్‌కి నాలుగు, అంతకంటే ఎక్కువ కూడా నడపగలవు. మీ ప్రోగ్రామ్ 0.6 దగ్గర ఉందంటే సీపీయూ పని చేయడం లేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది. చాలాసార్లు అది మెమరీ కోసమే. ఎల్1 క్యాష్‌లో ఉన్న డేటా నాలుగైదు సైకిళ్లలో అందుతుంది. ప్రధాన మెమరీ దాకా వెళ్లాలంటే 100 నానోసెకన్ల ప్రాంతంలో పడుతుంది, 3 గిగాహెర్ట్జ్ మీద అది 300 సైకిళ్లు. ఆ 300 సైకిళ్ల పక్కన పెట్టి చూస్తే ఒక పోలిక, ఒక బ్రాంచ్ లెక్కలోకి కూడా రావు. చెక్‌లను తిట్టే ముందు ఈ నిష్పత్తి చూసుకోవాలి.

తర్వాత "పెర్ఫ్ రికార్డ్"తో శాంపిళ్లు తీసి ఫ్లేమ్ గ్రాఫ్ (ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం పోయిందో చూపే బొమ్మ) గీయించండి. అందులో వెడల్పుకే అర్థం ఉంది. ఎడమ నుంచి కుడికి వరస కాలక్రమం కాదు. స్టాక్‌లు (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందనే వరసలు) సగంలో తెగిపోయి కనిపిస్తే, ఆ వరసను పట్టుకోవడానికి వాడే ఫ్రేమ్ పాయింటర్లు లేకుండా కంపైల్ అయిందని అర్థం. వాటిని ఉంచమని కంపైలర్‌కి చెప్పి మళ్లీ బిల్డ్ చేయండి. ఫెడోరా 38, ఉబుంటు 24.04 నుంచి ఆ పంపిణీల్లో ప్యాకేజీలు ఫ్రేమ్ పాయింటర్లతోనే వస్తున్నాయి కాబట్టి పని కొంత తేలికైంది.

64 బైట్ల గది

ఒకసారి మా సర్వర్‌కి థ్రెడ్లు పెంచేకొద్దీ వేగం తగ్గుతూ వచ్చింది. నాలుగు థ్రెడ్లతో ఉన్న వేగం ఎనిమిదితో లేదు. లాక్‌లు ఎక్కడా లేవు. ప్రతి థ్రెడ్‌కీ సొంత కౌంటర్ ఉంది, ఒకదాన్ని ఇంకొకటి ముట్టుకోదు. కోడ్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనిపించలేదు.

తప్పు కోడ్‌లో లేదు, అమరికలో ఉంది. కౌంటర్లన్నీ ఒకే యారేలో పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కోటి 8 బైట్లు. ఎక్స్86 ప్రాసెసర్లలో మెమరీ 64 బైట్ల క్యాష్ లైన్లుగా కదులుతుంది. అంటే ఎనిమిది థ్రెడ్ల ఎనిమిది కౌంటర్లూ ఒకే లైన్‌లో ఇమిడిపోయాయి. ఒక కోర్ తన కౌంటర్‌ను ఒకటి పెంచగానే, ఆ లైన్ మొత్తం మిగతా కోర్ల దగ్గర చెల్లకుండా పోతుంది. వాళ్లు మళ్లీ తెచ్చుకోవాలి. తెచ్చుకుని రాయగానే మొదటి కోర్ దగ్గర చెల్లదు. ఒకే పలకను ఎనిమిది మంది చేతుల్లోంచి లాక్కుంటూ, ఎవరి మూల వాళ్లు రాసుకుంటున్నట్టు. దీన్ని ఫాల్స్ షేరింగ్ అంటారు.

"పెర్ఫ్ సీ2సీ" అనే కమాండ్ దీన్ని పట్టడానికే ఉంది. ఏ క్యాష్ లైన్ కోసం కోర్లు కొట్టుకుంటున్నాయో, అందులో ఏ ఆఫ్‌సెట్ దగ్గర ఎవరు రాస్తున్నారో చూపిస్తుంది. నాకు 0, 8, 16, 24 అని వరసగా ఆఫ్‌సెట్లు కనిపించాయి. అవి చూడగానే విషయం అర్థమైపోయింది. ఒక్కో కౌంటర్‌ను 64 బైట్ల హద్దుకు అమర్చాను. మార్పు ఒక్క లైన్. థ్రెడ్లు పెంచితే వేగం మళ్లీ పెరగడం మొదలైంది.

కానీ అమరిక కోసం పెట్టే ఖాళీ బైట్లకు ఇంకో ముఖం ఉంది. ఒక స్ట్రక్చర్‌లో 1 బైట్ ఫ్లాగ్, తర్వాత 8 బైట్ల పాయింటర్, తర్వాత ఇంకో 1 బైట్ ఫ్లాగ్ ఉన్నాయనుకోండి. చూడటానికి 10 బైట్లు. 64 బిట్ మెషీన్ మీద అది 24 బైట్లు ఆక్రమిస్తుంది. 14 బైట్లు ప్యాడింగ్. పాయింటర్‌ను ముందుకు తెస్తే 16కి దిగుతుంది. "పహోల్" అనే టూల్ ఈ ఖాళీలను చూపిస్తుంది. వేగం వైపు నుంచి చూస్తే కథ అక్కడితో అయిపోతుంది.

భద్రత వైపు నుంచి చూస్తే ఇప్పుడే మొదలవుతుంది. మీరు ప్రతి ఫీల్డ్‌కీ విలువ ఇచ్చినా, ఆ ఖాళీ బైట్లలో పాత స్టాక్ మిగిల్చిన చెత్త అలాగే ఉండొచ్చు. ఆ స్ట్రక్చర్‌ను మొత్తంగా నెట్‌వర్క్ మీద పంపినా, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) నుంచి యూజర్ ప్రోగ్రామ్‌కి కాపీ చేసినా, ఆ చెత్త కూడా ప్రయాణం కడుతుంది. అందులో ఒక కెర్నల్ అడ్రస్ ఉంటే దాడి చేసేవాడికి సగం పని అయిపోయినట్టే. లైనక్స్ కెర్నల్‌లో ఈ రకం లీకులు చాలానే సరిచేశారు. అందుకే హద్దు దాటి బయటికి వెళ్లే స్ట్రక్చర్ అయితే ముందు మొత్తాన్ని సున్నాలతో నింపి ఆ తర్వాత ఫీల్డ్‌లు పెడతాను, ఖాళీలకు పేరు పెట్టి రిజర్వ్‌డ్ ఫీల్డ్‌లుగా రాస్తాను. 24 బైట్లు సున్నా చేయడానికి పట్టే సమయం ఏ ప్రొఫైల్‌లోనూ నాకు కనిపించలేదు.

చెక్‌ను తీసేయకుండా చవక చేయడం

అసలు విషయం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఎప్పుడూ ఒకే వైపు తేలే చెక్‌ను బ్రాంచ్ ప్రెడిక్టర్ వెంటనే నేర్చేసుకుంటుంది, దాని ఖర్చు కనిపించదు. నిజంగా ఖర్చయ్యే చెక్ లూప్ లోపల ఉండేది. అది ఉంటే కంపైలర్ ఆ లూప్‌ను వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లుగా (ఒకేసారి చాలా విలువల మీద పనిచేసేవి) మార్చలేకపోవచ్చు. అలాంటప్పుడు చెక్‌ను తీసేయకండి, లూప్ బయటికి తెండి. మెసేజ్ హెడర్‌లో నాలుగు ఫీల్డ్‌లు కలిపి 16 బైట్లు అయితే, నాలుగుసార్లు చూడనక్కర్లేదు. మొదట్లోనే 16 బైట్లు ఉన్నాయా అని ఒక్కసారి చూసుకుని, ఆపై నిశ్చింతగా చదువుకోవచ్చు.

బయటికి తెచ్చేటప్పుడు లెక్క తప్పకూడదు. రివ్యూల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకునే తప్పు ఇక్కడే ఉంటుంది. ఆఫ్‌సెట్‌కి పొడవు కలిపి, మొత్తం బఫర్ సైజును మించిందా అని చూస్తారు. చదవడానికి సరిగ్గానే ఉంటుంది. ఆఫ్‌సెట్ 8, బఫర్ 1500 బైట్లు అనుకోండి. అవతలివాడు పొడవు 4,29,49,67,290 అని పంపాడు. 32 బిట్ల అన్‌సైన్డ్ లెక్కలో 8కి దాన్ని కలిపితే 4,29,49,67,296 దగ్గర చక్రం తిరిగి 2 వస్తుంది. 2 అనేది 1500 కంటే తక్కువే. చెక్ పాసైపోయింది, తర్వాతి లైన్ నాలుగు గిగాబైట్ల దాకా కాపీ చేయడానికి సిద్ధంగా ఉంది.

కలపకండి, తీసేయండి. బఫర్ సైజులోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే ఎంత మిగిలిందో వస్తుంది. పొడవు ఆ మిగిలినదాన్ని మించిందా అని చూడండి. ఆఫ్‌సెట్ సైజును దాటలేదని ముందే తెలుసు కాబట్టి ఈ తీసివేత చక్రం తిరగదు. కూడికకు, తీసివేతకు ప్రాసెసర్ దగ్గర ఖర్చు ఒకటే.

గుణకారంలో ఇదే ప్రమాదం ఇంకా తేలిగ్గా వస్తుంది. ఒక్కో రికార్డు 16 బైట్లు, రికార్డుల సంఖ్య మెసేజ్‌లోనే వస్తుంది అనుకోండి. 26,84,35,457 అని పంపితే, 16తో గుణించగా 32 బిట్లలో మిగిలేది 16. 16 బైట్లే కదా అని కోడ్ ముందుకెళ్తుంది, లూప్ మాత్రం 26 కోట్ల సార్లు తిరుగుతుంది. ఇక్కడ మిగిలిన బైట్లను 16తో భాగించి, వచ్చినదాన్ని రికార్డుల సంఖ్యతో పోల్చండి. భాగహారం అనగానే భయపడకండి. అన్‌సైన్డ్ సంఖ్యను 16తో భాగించడాన్ని కంపైలర్ 4 బిట్లు పక్కకి జరపడంగా మార్చేస్తుంది. ఈ చెక్ లూప్ బయట ఒక్కసారి ఉంటుంది, లోపల ఏమీ ఉండదు, వెక్టర్ కోడ్ కూడా వస్తుంది. వేగమూ దక్కింది, హద్దూ నిలిచింది.

షేర్డ్ మెమరీలోంచి చదివేటప్పుడు ఒక జాగ్రత్త. కాపీ ఖర్చు తగ్గించడానికి డేటాను ఉన్నచోటే చదువుతాం, బాగానే ఉంది. కానీ పొడవును ఒకసారి చెక్ కోసం, మళ్లీ ఒకసారి కాపీ కోసం చదివితే, ఆ రెండింటి మధ్య అవతలి ప్రాసెస్ దాన్ని మార్చేయగలదు. పొడవును ఒక్కసారే లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చుకోండి. కంపైలర్ దాన్ని రెండోసారి మెమరీలోంచి తెచ్చుకోకుండా వోలటైల్ రీడ్ వాడండి.

"చెక్‌ల వల్ల సిస్టమ్ మొత్తం నెమ్మదిస్తుంది" అని ఎవరైనా అంటే నా దగ్గర ఒక అంకె ఉంది. గూగుల్ తన సీ ప్లస్ ప్లస్ సర్వర్ కోడ్ అంతటా స్టాండర్డ్ లైబ్రరీ హద్దుల చెక్‌లను ఆన్ చేసి, సగటున పడిన భారం 0.30 శాతమని 2024లో ప్రకటించింది. మీ కోడ్‌లో అంతకంటే చాలా ఎక్కువ వస్తే ఏదో ఒక వేడి లూప్‌లో (చాలా ఎక్కువసార్లు తిరిగేది) చెక్ తప్పు చోట ఉంది. ఆ లూప్‌ను వెతకండి.

రెండు వెర్షన్లు, ఒకే ఇన్‌పుట్

వేగవంతమైన వెర్షన్ రాశాక పాత నెమ్మది వెర్షన్‌ను చెరిపేయకండి. టెస్టుల ఫోల్డర్‌లోకి మార్చండి. ఒకే ఇన్‌పుట్‌ను రెండింటికీ ఇచ్చి, జవాబులు ఒకటేనా అని పోల్చే చిన్న ఫంక్షన్ రాసి, దాన్ని లిబ్‌ఫజర్, ఏఎఫ్ఎల్ ప్లస్ ప్లస్ లాంటి ఫజర్‌కి అప్పగించండి. క్రాష్ అవని తప్పులు కూడా ఇలా దొరుకుతాయి. చిట్టచివరి బైట్ వదిలేయడం లాంటివి వేరే ఏ పద్ధతిలోనూ నాకు ఇంత తొందరగా దొరకలేదు.

ఫజర్‌తో పాటు అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులను నడుస్తుండగానే పట్టే కంపైలర్ సదుపాయం) తప్పకుండా ఆన్‌లో ఉండాలి. హద్దు దాటి నాలుగు బైట్లు చదివితే మామూలు బిల్డ్ ఏమీ అనదు. శానిటైజర్ ఉంటే అక్కడికక్కడే ఆపి, ఏ లైన్‌లో చదివారో, ఆ మెమరీ ఎక్కడ కేటాయించారో చెబుతుంది. ప్రోగ్రామ్ దాదాపు రెండింతలు నెమ్మదిస్తుంది కాబట్టి ఇది టెస్టుల కోసమే. పక్కనే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ (ఏం జరగాలో భాష చెప్పని పనులు) శానిటైజర్ కూడా పెట్టండి. సైన్డ్ ఓవర్‌ఫ్లో (రుణ సంఖ్యలు కూడా పట్టే రకంలో విలువ పరిధి దాటడం) ఎప్పటికీ జరగదనే నమ్మకంతో కంపైలర్ కోడ్ మారుస్తుంది. ఆ నమ్మకం మీద మీరు రాసిన చెక్‌నే ఎత్తేసే అవకాశం ఉంది. 2009లో లైనక్స్ టన్ (వర్చువల్ నెట్‌వర్క్) డ్రైవర్‌లో జరిగింది అలాంటిదే. పాయింటర్‌ను ముందు వాడి, ఆ తర్వాత అది నల్ (దేన్నీ చూపని పాయింటర్) అవునా అని చూశారు. వాడేశారంటే నల్ కాదన్నమాట అని జీసీసీ కంపైలర్ ఆ చెక్‌ను తొలగించింది. సోర్స్‌లో చెక్ ఉంది, బైనరీలో లేదు.

అందుకే ముఖ్యమైన చెక్ అనిపించిన చోట ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో బైనరీలోని అసెంబ్లీ తెరిచి, ఆ పోలిక ఇన్‌స్ట్రక్షన్ ఉందో లేదో నేను కళ్లతో చూస్తాను. పది నిమిషాల పని.

ఫజర్ పట్టుకొచ్చిన ప్రతి ఫైల్‌నూ రిపోజిటరీలో పెట్టండి. నా 14 బైట్ల ఫైల్ కూడా అక్కడే ఉంది, ప్రతి బిల్డ్‌లోనూ నడుస్తుంది.

రహస్యాలు ఉన్న కోడ్‌లో

ఇక్కడ మాత్రం వేగం లెక్క తిరగబడుతుంది. రెండు టోకెన్లను పోల్చేటప్పుడు మామూలు మెమ్‌కంప్ (రెండు మెమరీ ముక్కలను పోల్చే ఫంక్షన్) తేడా కనిపించగానే ఆగిపోతుంది. ఎంతసేపటికి ఆగిందో కొలిచేవాడికి, మొదటి ఎన్ని బైట్లు సరిపోయాయో తెలిసిపోవచ్చు. అన్ని బైట్లనూ చివరిదాకా పోల్చే కాన్‌స్టంట్ టైమ్ ఫంక్షన్ మీ క్రిప్టో లైబ్రరీలోనే ఉంటుంది, అదే వాడండి, సొంతంగా రాయకండి.

పాస్‌వర్డ్ ఉన్న బఫర్‌ను పని అయ్యాక మెమ్‌సెట్‌తో తుడిస్తే సరిపోదు. ఆ తర్వాత ఎవరూ చదవని చోట రాయడం దండగ అని కంపైలర్ దాన్ని తీసేయవచ్చు. లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో 2.25 నుంచి ఎక్స్‌ప్లిసిట్ బీజీరో అనే తుడిచే ఫంక్షన్ ఉంది. దాని జోలికి ఆప్టిమైజర్ వెళ్లదు.

ప్యాచ్ పంపేటప్పుడు

కమిట్ మెసేజ్‌లో "వేగం పెంచాను" అని మాత్రమే రాస్తే రివ్యూ చేసేవాళ్లకి ఏం చూడాలో తెలియదు. నేను రాసేవి ఇవి: ఏ ప్రాసెసర్, ఏ కంపైలర్ వెర్షన్, ఏ ఫ్లాగులు, ఎన్ని రన్స్, ముందు మీడియన్ ఎంత, తర్వాత ఎంత, ఒకే బైనరీని రెండుసార్లు కొలిస్తే వచ్చిన తేడా ఎంత. దాని కిందే, ఈ కోడ్‌లోకి వచ్చే ఏ విలువ బయటివాళ్ల చేతుల్లో ఉంది, దాన్ని ఎక్కడ చెక్ చేస్తున్నాం, పిలిచే ఫంక్షన్లు ఎన్ని, వాటి పేర్లు. ఈ చివరి వరస నా పాత ప్యాచ్‌లో ఉండి ఉంటే, రాసేటప్పుడే మూడో ఫంక్షన్ నా కంట పడేది.

చెక్ తీసేయాల్సిందే అనిపిస్తే, దాన్ని మిగతా మార్పులతో కలపకుండా విడిగా ఒకే ప్యాచ్‌గా పంపండి. వెనక్కి తీసుకోవాల్సి వస్తే ఒక్క కమాండ్‌తో అయిపోతుంది. రిలీజ్ అయ్యాక వారం రోజులు 99వ పర్సంటైల్‌ను గమనించండి. బెంచ్‌మార్క్‌లో వచ్చిన లాభం అక్కడ కనిపించకపోతే నేను ఆ ప్యాచ్‌ను వెనక్కి తీసేసి, చెక్‌ను ఉన్నచోట పెట్టేస్తాను.